తెల్లరంగు ఒకటి

ఇరవై ఏళ్లుగా ఆమె పని రాళ్లు పగలగొట్టడం. అందుకే ఖనిజాలు వెతికే సర్వే ఆఫీసులో అందరూ ఆమెను సుత్తక్క అంటారు. ఆమె పగలగొట్టిన రాయి మీద నంబరు వేసేది మాత్రం ఆఫీసర్లు. ఒక్కో ఆఫీసరుకి ఒక్కో రంగు. ఏ రంగు నంబరుంటే ఆ రాయి ఆయన కనిపెట్టినట్టు. సుత్తక్కకి రంగు లేదు, రంగు డబ్బాలు మోసే భాగ్యం మాత్రం ఉంది.

కొత్తగా వచ్చిన ఎర్రరంగు సారు వాగులో పచ్చమరకల రాళ్లు చూసి, రాగి దొరికిందని ఎగిరి గంతేశాడు. వాగు వెంటే పైకి నడిచాడు. సగం దూరంలో ఆ రాళ్లు ఆగిపోయాయి. ఆయన ఆగలేదు. వాగు పుట్టిన చోటిదాకా పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చి, ఇక్కడ రాగి లేదని రిపోర్టు రాసేశాడు. భోజనాలయ్యాక గుడారాలు ఎత్తేయమన్నాడు.

"రాళ్లు ఆగిపోయిన చోట వాగు వదిలి గట్టెక్కాలి సార్," అంది సుత్తక్క. "అవి పక్క వాలు మీంచి దొర్లి పడ్డాయి."

"చదివింది నువ్వా, నేనా?"

"మీరే సార్. ఆ సంగతి రాయికి తెలీదు."

ఆయన మొహం గంటు పెట్టుకుని రిపోర్టు ఆమె ముందుకు తోశాడు. సాక్షిగా సంతకం పెట్టాల్సింది ఆమే. పెట్టనంది. పెట్టకపోతే ఇదే ఆఖరి క్యాంపు అన్నాడు. ఆమెకు వచ్చింది ఈ పనొక్కటే. అయినా సుత్తి భుజాన వేసుకుంది.

జీపు నడిపే తమ్ముడు అడ్డొచ్చాడు. "నీళ్లలో ఉండి మొసలితో వైరమెందుకక్కా?"

"గట్టెక్కడం రాని మొసలికి భయపడేదేంట్రా!"

ఆఖరి పచ్చమరక రాయి దగ్గర ఆమె వాగు వదిలేసి వాలు పట్టింది. వాగులో రాళ్లు అరిగి గుండ్రంగా ఉన్నాయి. ఎక్కేకొద్దీ అంచులు పదునెక్కాయి. ఒకటి వేలు కోసింది. నెత్తురు చూసి ఆమెకు నవ్వొచ్చింది, ఆ రాయి ఎంతో దూరం దొర్లలేదన్నమాట. పది అడుగుల పైన పొదల చాటున పచ్చటి చార కొండలోకి పోతోంది. ఒక్క దెబ్బ వేసి, పగిలిన ముక్కను నాలుకతో తడిపి ఎండకు పెట్టింది. లోపల రాగి ఖనిజం ఇత్తడి రంగులో మెరిసింది.

కిందికొచ్చి, "జీపు నంబరు ప్లేటు దిద్దే తెల్లరంగు ఏదిరా?" అని తమ్ముణ్ణి అడిగింది.

ముక్కను చూడగానే సారు ఎర్రడబ్బా మూత తీశాడు. "ఇలా ఇవ్వు, నంబరు వేస్తాను."

"వేసేశాను."

ఆయన రాయి తిప్పి చూశాడు. తెల్లగా, ఇంకా తడిగా, ఒకటి.

"ఈ రంగెవరిది?"

"నాది."

"ఎక్కడ దొరికింది?"

"ఎక్కితే చూపిస్తాను," అని ఆమె గట్టు వైపు నడిచింది. తమ్ముడు ఇంజను ఆపేసి తెల్లడబ్బా పట్టుకుని వెనకాలే బయల్దేరాడు. కాసేపటికి సారు కూడా బూట్ల లేసులు బిగించుకున్నాడు.