పాలు మావి, గుర్రం వాళ్ళది

పుక్కిలించి ఉమ్మితే మాత్రం తాగినట్టు కాదా, నోట్లో పోసుకున్నాక నీళ్ళు నీళ్ళే కదా అంటోంది రిమ్మా పావ్లోవ్నా, కరెంటు తీగల కంపెనీ తరఫున ఎన్నేళ్ళుగానో ఆ కుర్చీలోనే కూర్చుంటోందావిడ, నా తీగలోంచి కరెంటు లాగినవాడు ఎవడైనా వినియోగదారే, వాడు దాన్ని వాడుకున్నాడో, కడుపులో దాచుకుని సాయంత్రం కక్కాడో నాకనవసరం అంటోంది, అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను, నవ్వకూడదు, ఆవిడ నవ్వించినప్పుడల్లా ఒక వాక్యం ఆవిడ పక్షానికి జారిపోతుంది, ఈ గదిలో కిటికీలు తెరుచుకోవు, చలికాలం మొదట్లోనే సందులన్నిటికీ కాగితం పట్టీలు అతికించేశారు, గోడ వారన ఇనప గొట్టాలు సలసలా కాగుతున్నాయి, బయట మా రాజధాని అస్తానా వీధుల్లో ఉమ్మితే గడ్డకట్టే చలి, లోపల నాకు చెమట, ఉన్ని చొక్కా మెడ దగ్గర గుచ్చుకుంటోంది, తలుపు దాకా వెళ్ళాలంటే ఏడెనిమిది కుర్చీలు లేపాలి, టీ తాగాక ఆ నిబంధన నువ్వే చదువమ్మాయ్ ఉల్బోల్సిన్ అన్నారు జుమెకె, మా ఇంధన శాఖ డైరెక్టరు, నా ముందు కాగితం ఉంది, దాని మీద నా చేత్తో నేనే టైపు కొట్టిన మాట ఉంది, కరెంటు నిల్వ చేసేవాడు అనగా వినియోగదారు.

నిన్న సాయంత్రం చెల్లెలు ఉల్తువార్ ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపింది, తూర్పు కొండల్లో మా ఊరికి వచ్చేది ఒక్కటే తీగ, మంచు తుపాను వస్తే ముందు తెగేది అదే, చెల్లెలు అక్కడి ఆసుపత్రిలో కాన్పులు చేస్తుంది, అక్కా, మళ్ళీ పోయింది కరెంటు, డీజిలింజను కాసేపు దగ్గి ఊరుకుంది, ఫోను లైటు నోట కరుచుకుని పురుడు పోశాను, ఆడపిల్ల, బానే ఉందిలే, కిటికీలోంచి మీ డబ్బా కనిపిస్తోంది, దాని కింద కుక్క పిల్లల్ని పెట్టింది, పోనీలే, దానికైనా పనికొచ్చింది మీ చట్టం అంది, తిట్టినా బాగుండేది, నవ్వుతూ అంది, మా డబ్బా అంటే ఆసుపత్రి కంచె పక్కనున్న తెల్లటి ఇనప పెట్టె, లోపలన్నీ బ్యాటరీలు, రాత్రిళ్ళు తీగ ఖాళీగా ఉన్నప్పుడు నింపుకుని తుపాను రోజున ఊరికి ఇవ్వడానికి ఒక వ్యాపారి తెచ్చి పెట్టింది, తెచ్చి రెండు చలికాలాలైంది, ఇంతవరకు తీగ తగిలించలేదు, ఎందుకంటే చట్టంలో దానికి పేరు లేదు, పేరు లేనిదాన్ని తీగకి తగిలించరు.

ఉంది, ఉండేది ఒక పేరు, అది ఇంకా సిగ్గుచేటు, మేం చట్టం రష్యన్‌లో రాస్తాం, పక్క గడిలోకి కజఖ్‌లో దింపేది అనువాద శాఖ, నిరుడు వాళ్ళు నిల్వ అన్న మాటకి నిఘంటువు తీసి గోదాము అని పెట్టారు, ఎవరూ చూడలేదు, మన భాష గడి ఎవరు చదువుతారు, అది అచ్చయి మా ఊరు చేరింది, మంటలార్పే శాఖ వాడు వచ్చి గోదాముకి ఇసక బకెట్లేవి, కాపలా ముసలాడేడి అని అడిగి, గోదాము కరెంటు ఎలా ఇస్తుందయ్యా, ధాన్యం పెట్టుకోండి అని సీలు వేసి పోయాడు, ఆ తప్పు దిద్దడానికే ఈ సమావేశం, దిద్ది ఇప్పుడు వినియోగదారు అంటున్నాం, అంటే నింపుకునేటప్పుడు తీగ సుంకం కట్టాలి, తిరిగిచ్చేటప్పుడు ఉత్పత్తిదారు కింద మళ్ళీ కట్టాలి, పోతూ ఒక టోలు వస్తూ ఒక టోలు, ఆ పెట్టె సొంతదారు చెప్పేశాడు, అలా అయితే మంచు కరగ్గానే లారీ ఎక్కించుకుని పోతానని, వినియోగదారు అని నేను ఇవాళ నోరు విప్పి చదివితే, ఆ పెట్టె పోయినట్టే, చెల్లెలి నోట్లో ఫోను లైటు మిగిలినట్టే.

పొద్దున నడవాలో జుమెకెకి ఇదంతా చెప్పాను, విన్నారు, ఆయన చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ, చెడ్డవాడైతే పోట్లాడేదాన్ని, అమ్మాయ్, మూడో రకం మనిషిని తెచ్చావంటే చట్టమంతా తిరగరాయాలి, ఉన్నవి రెండు గళ్ళు, చేసేవాడు, వాడేవాడు, ఏదో ఒకదాంట్లో సర్ది కూర్చోబెట్టు, కాస్త ఇరుకైతే ఏం, అందరం అలా కూర్చున్నవాళ్ళమే అన్నారు, ఇరుకు సంగతి నాకు చెబుతున్నారు, ఉల్బోల్సిన్ అంటే ఏమిటి, కొడుకు పుట్టాలి అని, నన్ను చూసి మా నాన్న పెట్టుకున్న అర్జీ నా పేరు, తరవాత చెల్లెలు, దాని పేరు ఉల్తువార్, కొడుకుని కంటుంది అని, రెండో అర్జీ, దానికీ జవాబు రాలేదు, బళ్ళో హాజరు పిలిచినప్పుడు లేచి నిలబడేదాన్ని, పిలుస్తున్నది నన్ను కాదనిపించేది, రానివాడెవడినో పిలుస్తుంటే వాడి తరఫున నేను పలికినట్టుండేది, ఇప్పుడూ అంతే, ఉల్బోల్సిన్, టీ తీసుకో అంటున్నారు, తీసుకున్నాను, కప్పు నిండా పోశారు, మా ఇంట్లో సగమే పోస్తారు, నిండా పోస్తే తాగి లేచిపొమ్మని అర్థం, ఇక్కడ పోనిస్తే కదా.

పాల వాసన, టీలో పాలు కాస్త పులిసినట్టున్నాయి, మా నాయనమ్మ తోలుసంచిలో గుర్రప్పాలు చిలికేది, నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మాకు ఒక ఆడగుర్రం ఎక్కువ ఉండేది, మాది కాదు, పక్కింటాయన ఆపరేషనుకి పట్నం పోతూ వదిలి వెళ్ళాడు, సోవియట్ రోజులు, ఇంటికిన్నే పశువులని లెక్క, లెక్కలవాడు వచ్చి దాన్ని మా పేర రాయబోయాడు, నాది కాదు నాయనా అంది నాయనమ్మ, అయితే సర్కారుదా, సర్కారుదీ కాదు, మరి, అమానత్, ఒకళ్ళ సొత్తు నా కాపలాలో ఉంది, అడిగినప్పుడు ఇచ్చేస్తాను, అవ్వా, ఆ గడి లేదు ఇందులో, గడి లేకపోతే గుర్రం లేకుండా పోతుందా, పాలు మావి, గుర్రం వాళ్ళది, గడి నీది, గీత గీసుకో, అని గిన్నెడు పులిసిన పాలు అతని చేతిలో పెట్టింది, అతను తాగాడు, మూతి తుడుచుకున్నాడు, పెన్సిల్ తీసి నిజంగానే కొత్త గడికి గీత గీశాడు, నేను నాయనమ్మ మోకాలి పక్కనుంచి చూశాను, అంత చిన్న పని అది, వంకరగా గీశాడు కూడాను, ఆకురాలు కాలంలో పక్కింటాయన వచ్చి గుర్రాన్నీ పిల్లనీ తోలుకుపోయాడు, ఎవరూ ఎవరికీ సుంకం కట్టలేదు.

కానీయమ్మా అంటున్నారు జుమెకె, రిమ్మా పావ్లోవ్నా కళ్ళజోడు సర్దుకుంటోంది, నా గొంతు లేచింది, కాగితం మీది మాట దాటేసి పోతోంది, కరెంటు నిల్వ చేసేవాడు అనగా ఇతరుల కరెంటును అమానత్‌గా పుచ్చుకుని అడిగినప్పుడు తిరిగి ఇచ్చేవాడు, అతడు ఉత్పత్తిదారు కాడు, వినియోగదారు కాడు, అన్నాను, జుమెకె నావైపు కాకుండా కప్పులోకి చూస్తున్నారు, బాగుంది తల్లీ, కాపలా ఉన్నందుకు పాలు తాగుతాడన్నమాట, మరి వీణ్ణి ఏ గడిలో వెయ్యమంటావు అంది రిమ్మా పావ్లోవ్నా, ఆవిడకి గుర్రం సంగతి తెలియదు, అయినా పాలే అంది, గీత గీద్దాం రిమ్మా పావ్లోవ్నా అన్నాను, పెన్సిల్ తీశాను, వాళ్ళు ఒప్పుకుంటారో లేదో, మంచు కరగ్గానే ఆ లారీ వస్తుందో, గీత వంకరగానే వస్తోంది, నిన్న చెల్లెలి చేతుల్లో పడ్డ ఆ పిల్లకి ఏం పేరు పెట్టారో అడగాలి, మళ్ళీ అర్జీ పెట్టొద్దని చెప్పాలి, నేను తప్పుగా పుట్టలేదు, ఇన్నాళ్ళూ నాకోసం ఎవరూ గీత గీయలేదు, అంతే.