మొఖాలు లేని నాటు

"రంగులు కలిపిన చేతులతోని పులుసు కలిపితే నాకు సయించది బిడ్డా, మల్లొక్కసారి కడుక్కో" అనేవారు మా అత్తగారు సరళాదేవి. కోపంగా కాదు. ఆమె ఏ మాటా కోపంగా అనేవారు కాదు. నేను గాబు దగ్గరికి వెళ్లి మరోసారి చేతులు రుద్దుకుని వచ్చి పులుసు కలిపేదాన్ని.

చొప్పదండికి నాలుగు మైళ్ల అవతలి ఊరు మాది. 1950లో కోడలిగా అక్కడి దొరల గడిలోకి వచ్చాను. సంఘం పోరాటం రోజుల్లో ఇల్లు విడిచి కరీంనగర్‌లో తలదాచుకున్న కుటుంబం, పోలీసు చర్య తర్వాత తిరిగొచ్చి మళ్లీ దీపం పెట్టుకుంది. వెట్టి పోయింది, మునుపటి దర్పం సగం పోయింది. ఆడవాళ్ల కట్టుబాటు మాత్రం చెక్కుచెదరలేదు. గడి కోడళ్లు గడప దాటి నడవకూడదు. పెద్దపల్లిలో మా పుట్టింటికి వెళ్లాలన్నా, కొండగట్టు అంజన్నకు మొక్కు చెల్లించాలన్నా పరదా కట్టిన బండే. నేను బొమ్మలు గీసేది ఊరివాళ్లని. ఆ ఊరిని చూసింది మేడ మీది కిటికీ నుంచి.

చిన్నప్పుడు పుట్టింట్లో మా బాపు డ్రాయింగు మాస్టారిని పెట్టి నేర్పించారు. పెళ్లికి వచ్చిన సామానులో నేను నాకోసం తెచ్చుకున్నది ఒక్క రంగుల డబ్బా. మగవాళ్లు తిని, అత్తగారు తిని, నేను తిని, ఎంగిలి గిన్నెలు తీయించి, తమలపాకులు చుట్టి లోపలికి పంపేసరికి రెండు దాటేది. మామగారు నిద్ర లేచి చాయ్ అడిగేది మూడున్నరకి. ఆ మధ్య కాలమే నాది. ఏడేళ్ల పాటు నా చిత్రకళంతా ఆ గంటన్నరలోనే సాగింది.

మా ఆయన లక్ష్మణ్‌రావు చెడ్డవారు కాదు. పట్నం వెళ్లినప్పుడు కాగితాలు తెచ్చేవారు. మర్చిపోతే మాత్రం రెండోసారి అడగకూడదు. "నీ బొమ్మలకేమన్న కొంపలంటుకుంటున్నయా?" అనేవారు నవ్వుతూ. చుట్టాలొస్తే బొమ్మలు తెప్పించి చూపేవారు. "మా ఆమెకు గిదొక షోకు. పొద్దు పోవాలె గద" అనేవారు. పొద్దుపోక గీసేదాన్నని ఆయన నిజంగానే నమ్మారు. పొద్దు చాలక నేను ఎన్ని బొమ్మలు సగంలో వదిలేశానో ఆయన ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

1957 ఎండాకాలంలో ఆయన స్నేహితుడు విద్యాసాగర్‌రావు గారు వచ్చారు. హైదరాబాదులో వకీలు, కళలంటే ఇష్టం. కిందటి వానల్లో నేను గీసిన బొమ్మ చూశారు. పచ్చని మడిలో నాటేస్తూ వరుసగా వంగిన పన్నెండు మంది ఆడవాళ్లు, మధ్యలో ఒక ఎర్రచీర. "ఎంత అందంగ వంగిన్రు లక్ష్మణ్‌రావ్! సంగీతం లెక్కున్నది. గీ శీతకాలం ఎగ్జిబిషన్‌ల పెట్టిస్త. 'పల్లె పడుచులు' అని పేరు పెడుదం" అన్నారు. తలుపు వెనక నిలబడి విన్నాను. ఆ సాయంత్రం చాయ్‌లో చక్కెర రెండుసార్లు వేశాను.

ఆయన వెళ్లిన మర్నాడు మేడ కడగడానికి పోశవ్వ వచ్చింది. నా వయసుదే, ముప్పై దాటదు. తడిగుడ్డ చేతిలో పట్టుకుని, గోడకు ఆనించిన బొమ్మ ముందు ఆగిపోయింది.

"గిది మా నాటేనా దొర్సానీ?"

"అవును. మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది." ఇంకా దగ్గరికి వంగింది. "అందరియి ఈపులే గీసిన్రు. మొఖాలేవి?"

"కిటికీల నుంచి గంతే కనపడ్డది."

"ముందటికి పోతున్నట్టు గీసిన్రు. నాటేసేటోళ్లు ఎనుకకు నడుస్తరు దొర్సానీ. ముందటికి పోతే మేమేసిన నారు మేమే తొక్కుకుంటం." నవ్వింది. తర్వాత ఎర్రచీర మీద వేలు పెట్టబోయి, తడి చేయని వెనక్కి తీసుకుంది. "గిది నేనే."

"ఎరుకే. నీ చీర చూసే గీసిన. ఆ పచ్చల ఎంత ముద్దుగున్నదో."

"అప్పుడు నాకు ఏడో నెల" అంది పోశవ్వ.

తడిగుడ్డను రెండు చేతులా పిండింది.

"నాలుగు దినాలకు గా మడిలనే నొప్పులొచ్చినయ్. బిడ్డ దక్కలే."

ఇంత చెప్పి కూర్చుని గచ్చు తుడవడం మొదలుపెట్టింది. మూలన ఉయ్యాలలో నా కూతురు నిద్రపోతోంది. ఆ వానల్లో నాకూ ఏడో నెలే. అత్తగారు నన్ను మెట్లు దిగనివ్వలేదు, అన్నం కూడా పైకే పంపించారు. ఎన్నడూ లేనంత తీరిక దొరికిందని మురిసిపోతూ, కిటికీ దగ్గర దిండ్లకు ఆనుకుని గీసిన బొమ్మ అది. నాలాగే కడుపుతో ఉన్న మనిషి నా కళ్ల ముందు రోజంతా బురదలో వంగి ఉంటే, నేను చూసింది ఆమె చీర రంగు. పైనుంచి చూస్తే కడుపు కనపడదు. మా ఆయనకి నా పని షోకుగా కనపడిందని లోలోపల నొచ్చుకునేదాన్ని. మరి నాకు పోశవ్వ పని ఎలా కనపడింది? సంగీతంలా.

"నీ మొఖం గీస్త. జరసేపు కూసుంటవా?" అన్నాను.

"నేను కూసుంటే పనెవలు చేస్తరు?" అంది తల ఎత్తకుండానే. "కావాల్నంటే నాట్లప్పుడు మడికాడికి మీరే రాండ్రి."

అది ఊరికే అన్న మాటే. నాకు మాత్రం వానలు పడేదాకా చెవిలో మోగింది. రేయింబవళ్లు నాతో నేనే వాదించుకున్నాను. అడిగితే కాదంటారు, కాదన్నాక వెళితే ఎదిరించినట్టవుతుంది. అందుకే అడగలేదు. శ్రావణంలో ఒక మధ్యాహ్నం, బిడ్డకు పాలిచ్చి పడుకోబెట్టి, కాగితం పెట్టిన పలకా రంగులూ తీసుకుని, దొడ్డి తలుపు తెరిచి మడి దాకా నడిచాను.

ఒడ్డు మీద రెండుసార్లు జారాను. ఆడవాళ్లంతా పని ఆపి నిలబడిపోయారు. పెద్దామె బాలవ్వ వచ్చి చేయి పట్టుకుని, "ఏమాయె దొర్సానీ, ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని భయంగా అడిగింది. బొమ్మ గీయడానికి వచ్చానంటే ఎవరూ నమ్మలేదు. పోశవ్వ ఒక్కతే చిన్నగా నవ్వి నారు కట్ట అందుకుంది.

వాళ్లు ముఖాలు నాకు కనపడేలా వంగి, అడుగడుగునా వెనక్కి జరుగుతూ పోయారు. నేను ఒడ్డు పొడుగునా వాళ్లతో పాటు జరిగాను. మొదటిసారి అన్నీ చూశాను. నీళ్లలో నాని తెల్లబడిన కాలివేళ్లు. నడుము పట్టేసినప్పుడు బిగుసుకునే దవడ. పోశవ్వ కళ్ల కింది గుంటలు. మధ్యలో పోశవ్వే వచ్చి బొమ్మలోకి తొంగిచూసి, "గింత నల్లగున్ననా?" అంది. "అంతకంటె నల్లగున్నవ్" అంది బాలవ్వ. అందరం నవ్వాం.

ఎవరో ఇంట్లో చెప్పారు. గొడుగు పట్టుకుని మా ఆయన వచ్చారు.

"ప్రమోదినీ, లెవ్వు. మంది చూస్తున్నరు."

"చూడనీయిండ్రి. నేను గూడ వాళ్లనే చూస్తున్న."

"ఇజ్జత్ పోతది. నడువు."

"కండ్లు గియ్యాలె. అయినంక వస్త."

ఆయన చుట్టూ ఉన్న మందిని ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. నేను మళ్లీ కుంచె అందుకున్నాను. పోశవ్వ ఎడమ కన్ను కొంచెం వంకర వచ్చింది. దాన్ని మళ్లీ సరిదిద్దలేదు.

అత్తగారు నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఒకరోజు మోకాళ్లు పట్టుకుని మేడ ఎక్కి వచ్చి, ఆ బొమ్మ ముందు కూర్చున్నారు. "నేను గీ ఇంటికొచ్చి నలభై ఏండ్లాయె. మన మడి ఏ దిక్కున్నదో నాకెరుకలేదు" అన్నారు. "గోడ దాటుతుంటె నీకు కాళ్లు వణకలేదా బిడ్డా?"

"వణికినయ్ అత్తయ్యా."

ఆమె తల ఊపి, పైట చెంగుతో ముఖం తుడుచుకుని దిగి వెళ్లారు. ఆ తర్వాత దొడ్డి తలుపు గడియ గురించి ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు.

కార్తీకంలో హైదరాబాదు నుంచి ఎగ్జిబిషన్ కాగితాలు వచ్చాయి. 'పల్లె పడుచులు' వెంటనే పంపమని విద్యాసాగర్‌రావు గారి ఉత్తరం. మా ఆయన బొమ్మను గుడ్డలో చుట్టబోతుంటే, "అది వద్దు, ఇది పోవాలె" అని పోశవ్వ బొమ్మ ముందు పెట్టాను.

"గీ మొఖం ఎవలు చూస్తరు?" అన్నారు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలియక అడిగారు.

"నేను చూసిన. చూసేతందుకు నాకు ఏడేండ్లు పట్టింది. వాళ్లకు ఎన్నేండ్లన్న పట్టనియ్యిండ్రి."

ఆ కాగితం నేనే నింపాను. చిత్రకారుని పేరు అన్నచోట నా పేరు రాశాను. చిత్రం పేరు అన్నచోట కలం ఒక క్షణం ఆగింది, అంతే. పోశవ్వ, అని రాశాను.