ఎడమచేతి రాకెట్టు

నేను ఒక వీడియో గేమ్ మిషన్ని. అంత మాత్రాన ఏ పెద్ద ఫ్యాక్టరీలోనో పుట్టి ఓడెక్కి వచ్చిన దొరబిడ్డనని అనుకునేరు. నా బోర్డు ఒక్కటే దూరదేశంలో తయారై, మద్రాసులో పాతసామాన్ల కొట్టు మీదుగా వచ్చింది. పిక్చర్ ట్యూబు ఒక చచ్చిన టీవీలోది. ఒళ్లు మాత్రం అచ్చంగా విశాఖపట్నంలో, పూర్ణా మార్కెట్ వెనక సందులో, ఆసిరయ్య అనే వడ్రంగి చేతుల్లో తయారైంది.

ఆసిరయ్య మంచి పనివాడు. బీరువాలు, మంచాలు, పెళ్లిపీటలు ఎన్ని చేశాడో లెక్కలేదు. వీడియో గేమ్ మాత్రం ఎప్పుడూ చూసి ఎరగడు. తన ఆటల షాపు కోసం నన్ను చేయించిన దాలినాయుడు ఒక పత్రికలోంచి చింపిన ఫొటో, కాగితం మీద గీసిన కొలతలు ఇచ్చి, "బావా, ఇలాటిదే కావాల. బేగి కావాల" అన్నాడు. ఆట ఆడే పలకకి ఎడమవైపు కర్ర, కుడివైపు బటను ఉండాలి. కర్రతో రాకెట్టు నడుస్తుంది, బటన్ నొక్కితే గుండ్లు పేలతాయి. అంతే నా విద్య.

సన్‌మైకా అంటించిన చెక్కని పైనుంచి కోస్తే అంచులు పెచ్చులు లేస్తాయి. అందుకని తెలిసిన వడ్రంగి ఎవడైనా దాన్ని బోర్లా వేసి వెనకనుంచి కోస్తాడు. ఆసిరయ్యా అలాగే బోర్లా వేశాడు. కాగితం పరిచాడు, గుర్తులు పెట్టాడు, బొక్కలు కోశాడు. పలకని తిప్పి చూసుకున్నాక గాని తెలియలేదు, కుడి ఎడమైందని. కర్ర కుడివైపుకీ బటను ఎడమవైపుకీ వచ్చాయి. జాగ్రత్తపడబోయి తప్పు చేసిన మనిషిని నేను మొదట చూసింది ఆ రోజే. తర్వాత చాలామందిని చూశాను.

దాలినాయుడు నెత్తి కొట్టుకున్నాడు. ఆసిరయ్య మాత్రం తొణక్కుండా, "అయితే ఏటయింది? మనిసికి రెండు సేతులూ దేవుడే ఇచ్చినాడు కదా" అన్నాడు. మళ్లీ సన్‌మైకా కొనే ఓపిక ఎవరికీ లేదు. అలా నేను తప్పుడు ఒంటితోనే షాపుకెక్కాను.

ఇక చూడండి నా అవస్థ. వచ్చిన కుర్రాడల్లా "ఇదేటి, ఈ మిషను తేడాగా ఉంది" అనేవాడు. కొందరు పట్టుదలకొద్దీ చేతులు కత్తెరలా అడ్డంగా వేసి, ఎడమ చేత్తో కర్ర, కుడి చేత్తో బటను పట్టుకుని ఆడేవాళ్లు. మోచేతులు ఒకదానికొకటి తగులుకుని రాకెట్టు కాస్తా గోడకి కొట్టుకునేది. అప్పుడు నన్ను కాలితో తన్నేవాళ్లు. ఓడినవాడు తన చేతిని ఎప్పుడూ తిట్టుకోడు, మిషన్నే తంతాడు. పక్క మిషన్ల దగ్గర గుంపులు, నా దగ్గర ఈగలు. పుట్టుకలోనే తప్పు ఉన్నవాణ్ణని నాకు నిజంగానే సిగ్గేసేది.

ఆ సిగ్గు పోగొట్టింది నూకరత్నం.

పక్కనే సోడాకొట్టు వాళ్ల నాన్నది. పదమూడేళ్ల పిల్ల. దాలినాయుడికి గోలీసోడా పట్టుకొస్తే, బదులుగా ఒక ఆట ఆడనిచ్చేవాడు. మంచి మిషన్లన్నీ కుర్రాళ్లు ఆక్రమించుకుని ఉండేవాళ్లు కాబట్టి ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. వచ్చి, చేతులు అడ్డం వెయ్యలేదు, తేడా అనలేదు. కుడి చేత్తో కర్ర పట్టుకుని, ఎడమచేతి వేళ్లు బటన్ మీద పెట్టింది. అప్పుడు మొదలైన మోతని ఏమని చెప్పను! అంత వేగంగా నన్ను ఎవరూ నొక్కలేదు.

ఆ పిల్లది పుర్రచెయ్యి. ఇంట్లో ఆ చెయ్యి అన్నం కంచం వైపు కదిలితే నాయనమ్మ గరిటెతో ఒకటి వేసేది. బళ్లో ఆ చెయ్యి పలకబలపం పడితే స్కేలు దెబ్బ. ఎవరికైనా ఏదైనా ఇవ్వబోతే "కుడిసేత్తో ఇయ్యే" అని కసురు. ఈ సంగతులన్నీ తనే ఆడుతూ ఆడుతూ నాతో గొణిగేది. ఊరంతా తప్పన్న చెయ్యి, ఊరంతా తప్పన్న మిషను. మా ఇద్దరికీ స్నేహం కుదరక ఏమవుతుంది?

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తొంభై ఒక్కవేల మూడువందల యాభై కొట్టింది. నా మీద అప్పటిదాకా ముప్పైవేలు దాటినవాడు లేడు. పక్క మిషన్ల కుర్రాళ్లు ఆటలు వదిలి వచ్చి చుట్టూ నిలబడ్డారు. కరెంటు పోతే నా లెక్కంతా చెరిగిపోతుంది, విశాఖలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకని దాలినాయుడు పరుగున వెళ్లి ఎర్రరంగు డబ్బా తెచ్చి, నా పక్కచెక్క మీద పెద్ద అక్షరాలతో రాసేశాడు: నూకరత్నం 91,350. "దీన్ని దాటినోడు ఎవడైనా వస్తే సెరిపి ఆడి పేరు రాస్తాను" అని ప్రకటించాడు. ఆ మాట అన్నాడే గాని, ఆయనకి మళ్లీ రంగు డబ్బా తెరిచే పని పడలేదు.

తర్వాత కథ మీరూ ఊహించగలరు. ఇళ్లలోకే ఆటలు వచ్చాయి, దాలినాయుడు షాపు ఎత్తేశాడు. నన్ను కొన్న జిరాక్సు దుకాణంవాడు నా లోపల కాగితాల కట్టలు పెట్టుకుని, ఎర్ర అక్షరాలు బాగోలేవని వాటి మీద తెల్ల సన్‌మైకా అంటించాడు. మనుషులకి నచ్చనిది కనబడకపోతే చాలు, లేనట్టే లెక్క. అక్కణ్ణుంచి ఒక గోడౌను, గోడౌను నుంచి గాజువాకలో పాత ఇనుపసామాన్ల యార్డు. వానకి తడిసి, ఎండకి ఎండి, ఎలకలకి ఇల్లయి, పొయ్యిలోకి పోవడమే తరువాయిగా పడి ఉన్నాను.

అక్కడ నన్ను చూసి మోకాళ్ల మీద కూలబడినవాడు మురళీ పట్నాయక్. ఓడల్లో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయిన మనిషి. పాత గేమ్ మిషన్లు ఎక్కడ కనిపించినా ఇంటికి తెచ్చి బాగుచెయ్యడం ఆయన పిచ్చి. అప్పటికే గోపాలపట్నంలో ఇంటి వెనక రేకుల షెడ్డులో పది మిషన్లు ఉన్నాయి. పదకొండోవాడిగా నేను దిగినప్పుడు ఆయన భార్య సుభద్ర, "ఇదీ వచ్చిందా? ఇంక మనమే బయట పడుకోవాల" అంది. అని, నా లోపలి ఎలకల గూడు తనే చీపురు పెట్టి ఊడ్చింది.

మురళి నాకు చేసిన సేవ మరిచిపోలేను. బోర్డు మీద తుప్పుని బ్రష్షుతో, ఓపికతో గీకాడు. తెగిన రాగిదారులన్నీ ఒక్కొక్కటిగా అతికించాడు. మూడు నెలల తర్వాత ఒక ఉదయం నా తెర మీద రాకెట్టు వెలిగింది. తెల్ల సన్‌మైకా ఊడదీస్తే ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. ఆయన వాటిని గట్టిగా రుద్దకుండా తడిగుడ్డతో తుడిచి, ఫొటో తీసి, ఈ నూకరత్నం ఎవరో చెప్పండి అని ఫోనులో అందరికీ పంపాడు.

అంత మంచివాడూ ఆసిరయ్యలాగే జాగ్రత్తపడబోయి తప్పు చేశాడు. పుస్తకాల్లో, ఫొటోల్లో ఉన్న అసలు మిషన్లకి కర్ర ఎడమవైపు ఉంది. నాకేమో కుడివైపు. "ఎవడో తెలియనివాడు పాడుచేశాడు పాపం" అని జాలిపడి, పాత పలక ఊడబీకి, కొత్త పలక కోసి, అంతా సరిగ్గా బిగించాడు. నాకు నోరుంటే అరిచేవాణ్ణి. నోరు లేక, నలుగురికీ నచ్చే ఒళ్లు వేసుకుని నిలబడ్డాను.

షెడ్డు తలుపులు అందరికీ తెరిచిన ఆదివారం నాడు జనం బాగానే వచ్చారు. హైదరాబాదు నుంచి మిషన్లు సేకరించే ఒక పెద్దమనిషి కూడా వచ్చాడు. నా పక్కచెక్క చూసి నవ్వి, "ఇలాంటివి షాపువాళ్లు గిరాకీ కోసం రాసుకుంటారండీ. ఈ ఆటలో తొంభై వేలా? మేము నలభై దాటిన మనిషిని చూడలేదు" అన్నాడు. అక్కడున్న నలుగురూ తలలూపారు.

"ఆ మనిషిని నేనేనండీ" అని వెనకనుంచి వినబడింది.

నలభై ఏడేళ్ల నూకరత్నం. పోస్టాఫీసులో ఉద్యోగం, ఫొటో ఎవరో చూపిస్తే వచ్చిందట. జనం దారిచ్చారు. ఆమె నా ముందు నిలబడింది, చేతులు చాచింది, ఆగింది. అయినా ఆడింది. నాలుగువేలకే మూడు రాకెట్లూ పోయాయి. మళ్లీ ఆడింది, మూడువేలు. పెద్దమనిషి మర్యాదగా మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఎవరో "పోనీలెండమ్మా, చిన్నప్పటి సంగతులు మనకి పెద్దగా గుర్తుంటాయి" అన్నారు. ఆమె మొహం చూస్తే నాకు గుండె లేకపోయినా చెరువైంది. గరిటె దెబ్బలు తిన్న చెయ్యి సాధించింది జీవితం మొత్తంలో ఆ ఒక్క అంకే. అది కూడా అబద్ధమైపోతోంది.

వెళ్లిపోబోయి గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. "సార్, తప్పుగా అనుకోకండి. మా మిషన్‌కి కర్ర కుడిపక్కన ఉండీదండీ. బటన్ ఎడంపక్క. నాది పుర్రసెయ్యి" అంది.

మురళి తను బిగించిన కొత్త పలకని చూశాడు. తర్వాత ఇంట్లోకి పరిగెత్తాడు. "సుభద్రా! ఆ పాత చెక్క ఏదీ?"

"ఏ చెక్క? మిక్సీ కింద పెట్టినాను కదా. వైరు దూర్చుకోడానికి బొక్క కూడా ఉంది."

"మిక్సీ తియ్యి!"

"సెట్నీ సగంలో ఉంది!"

సగంలో ఉన్న చట్నీతో సహా మిక్సీ నేల మీదికి దిగింది. కొబ్బరి తుంపరలతో నా పాత పలక షెడ్డులోకి వచ్చింది. మురళి కొత్త పలక ఊడదీసి దీనికి మరలు బిగించాడు. బటన్ పక్కన సన్‌మైకా ఒక చోట అరిగి తెల్లబడి ఉంది. నూకరత్నం ఎడమ మణికట్టు అక్కడ పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

మొదటి ఆట పన్నెండువేలు. రెండోది ముప్పైఎనిమిది. ఆమె భోజనానికి లేవలేదు. మూడో ఆటకి ఆ చెయ్యి నాకు పూర్తిగా తెలిసిపోయింది. పాతికేళ్లుగా ఉత్తరాల మీద టపటపా ముద్రలు కొడుతున్న చెయ్యి అది, ఒక్క రోజు కూడా ఊరికే కూర్చోలేదు. నలభైవేలు దాటింది. పెద్దమనిషి కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చాడు. డెబ్బై. ఎనభై. షెడ్డులో మిగిలిన పది మిషన్లూ ఖాళీ, జనమంతా నా చుట్టూ. తొంభై ఒక్కవేల మూడువందల అరవై పడగానే రేకులు అదిరేలా కేకలు లేచాయి. ఆమెకి వినబడినట్టు లేదు. తొంభై తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై. ఆ తర్వాత నా తెర మీద అన్నీ సున్నాలు.

"అయ్యో, పోయిందా?" అన్నారెవరో.

"పోలేదండీ!" మురళి అరిచాడు. "దీనికి ఉన్నవి అయిదు గళ్లే. అంకెలు చాల్లేదు!"

నిజమే. నన్ను చేసినవాళ్లు ఎవరూ అంతదాకా వస్తారనుకోలేదు. సున్నాల మీద మరో నాలుగువేల రెండువందల పది కొట్టి, చివరి రాకెట్టు పోయాక, నూకరత్నం చేతులు దులుపుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను పుట్టినందుకు అంత సంతోషపడ్డ రోజు ఇంకొకటి లేదు. పెద్దమనిషి రెండు చేతులూ జోడించి, "అమ్మా, నా మాట తప్పు" అన్నాడు.

"ఒక్కసారి ఆ మాట గట్టిగా అనండి సార్. మా నాయనమ్మకి కూడా ఇనబడాల" అంది ఆమె. అందరూ నవ్వారు, ఆయన నవ్వుతూనే గట్టిగా అన్నాడు.

మురళి ఎర్రరంగు డబ్బా తెచ్చి, అందమైన అక్షరాలు రాసే మనిషిని పిలుస్తానన్నాడు. నూకరత్నం ఒప్పుకోలేదు. కుంచె ఎడమచేత్తో తీసుకుంది. బళ్లో ఆ చేత్తో రాయనివ్వలేదు కదా, అక్షరాలకి అలవాటు లేదు. దాలినాయుడు రాత కింద నెమ్మదిగా రాసింది: నూకరత్నం 1,04,210. కొంచెం ఆలోచించి ఇంకో మాట చేర్చింది: ఎడమ చేత్తో.

ఇప్పుడు ఆ షెడ్డులో గుమ్మానికి ఎదురుగా నన్నే నిలబెట్టారు. వచ్చిన కుర్రాళ్లు ఇప్పటికీ చేతులు అడ్డంగా వేసుకుని, ఇదేటి ఇలా ఉంది అంటారు. మురళి వాళ్లకి నా పక్కచెక్క చూపిస్తాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒక చోట రంగు కారింది. ఎవరూ సరిచెయ్యలేదు.