ఉప్పుమళ్ళ మైకు

మడిలో పేరుకున్న ఉప్పును చెక్కతో గట్టు మీదికి లాగుతూనే, ఆమె మూడు మళ్ళ అవతలున్న ఆడపడుచుతో ఆ పూట కూర సంగతి మాట్లాడుతోంది. ఎండకు కమిలిన మెడ, ఉప్పుకు పగిలిన మడమలు, బక్కపలచని ఒళ్ళు. ఆ ఒంట్లో అంత గొంతు ఎక్కడ పడుతుందో ఎవరికీ అంతుబట్టదు. పసితనంలో ఆమె ఏడిస్తే ఊరి చివర పశువులు తలెత్తేవని తల్లి చెప్పేది. కాపురానికొచ్చిన కొత్తలో మొగుడి చెవిలో చెప్పిన గుట్టు వీధి మలుపు దాకా వినబడిందని అత్తగారు తల పట్టుకుంది. అందరూ ‘మైకు’ అన్నారు, అదే పేరై నిలిచింది. పుట్టినప్పటినుంచి లోకం ఆమెకు చేసిన బోధ ఒక్కటే: కాస్త మెల్లగా.

నెల కిందట ఉప్పు గోదాము కప్పు మీద చిన్న రాడార్ పెట్టారు. నగరంలోని పెద్ద రాడార్‌కు కొండ చాటున కిందుగా వచ్చే మబ్బులు కనబడవట. అలాంటి మబ్బు కురిసిందంటే కుప్పపోసిన ఉప్పంతా కరిగి మళ్ళీ నీళ్ళపాలే. ఈ చిన్నది వాటిని పసిగడుతుందో లేదో పరీక్షించడానికి ఒక ఇంజనీరమ్మ వ్యానులో వచ్చింది. మళ్ళలో ఫోన్లు పలకవు. కబురు అందరికీ ఒకేసారి చేరే దారేదని ఆమె అడిగితే, అందరి చూపూ మైకు మీదికే పోయింది.

మొదటి కబురే బెడిసికొట్టింది. మైకు కేకకు జనం పడుతూ లేస్తూ కుప్పలు కప్పారు. చినుకు రాలలేదు. కొంగల గుంపు వచ్చింది. రాడార్ వాటినే మబ్బనుకుంది. ఇంజనీరమ్మ తప్పు ఒప్పుకుని, కూర్చుని సరిదిద్దింది గాని, అప్పటికే అది ‘కొంగల మిషను’ అయిపోయింది. మైకు ఎదురైతే కొంగలా మెడ సాచి చూపేవాళ్ళు.

ఇవాళ పరీక్షకు ఆఖరి రోజు. మిట్టమధ్యాహ్నం, ఆకాశం తోమిన పళ్ళెంలా మెరుస్తున్న వేళ, ఇంజనీరమ్మ చెప్పులు చేతబట్టుకుని గట్టు మీద పరుగెత్తుకొచ్చింది. కొండ వెనక మబ్బుందని, అరగంటలో ఇక్కడికి వచ్చేస్తుందని చెప్పింది.

“ఈసారి కొంగలు కావు కదమ్మా?”

“కావనే అనుకుంటున్నానక్కా. ఒట్టు మాత్రం వేయలేను.”

ఒట్టు వేయలేనన్న ఆ మాటే మైకుకు నమ్మకం కలిగించింది. కేక వేసింది. వంగిన నడుములు లేవలేదు. ఈ పూట కొంగలా, కాకులా అని మళ్ళ మేస్త్రీ నవ్వాడు. వారాల చెమట తెల్లటి కుప్పలై ఎండలో మెరుస్తోంది. ఆమెకు ఒళ్ళు మండింది. చెక్క విసిరేసి గట్టెక్కింది.

“వాన రాకపోతే ఏడాదిపాటు నోరెత్తను. మీరందరూ సాక్ష్యం.”

మళ్ళన్నీ నవ్వులతో దద్దరిల్లాయి. బావా, నీ అదృష్టం పండింది పొమ్మని మేస్త్రీ ఆమె మొగుడిని మేలమాడాడు. మాటలన్నీ పెళ్ళాం వాటాకే వదిలేసిన మనిషి అతను. వెళ్ళి టార్పాలిన్ మడత విప్పాడు.

“ఆ గొంతు లేని ఇల్లు నాకొద్దు. అటు కొస పట్టు బావా.”

అతను అన్ని మాటలు కలిపి మాట్లాడగా అంతకుముందు ఎవరూ వినలేదు. మేస్త్రీ నవ్వు ఆపి కొస పట్టుకున్నాడు. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు కదిలారు. కప్పారు, తాళ్ళు బిగించారు, అంచుల మీద రాళ్ళెత్తారు. ఆఖరి ముడి పడుతుండగా కొండ నెత్తిన నల్లటి అంచు తేలింది. చల్లగాలి విసిరికొట్టింది. ఆపైన కుండపోత.

మళ్ళలో ఉన్నది పోతే పోయింది, కుప్పలు నిలిచాయి. తడిసి ముద్దయిన మేస్త్రీ, టార్పాలిన్ అంచు కిందనుంచి కారుతున్న నీటిని దోసిట పట్టి నాలుక మీద వేసుకున్నాడు. అందరూ అతని మొహమే చూస్తున్నారు.

“చప్పగా ఉంది,” అన్నాడు.

చప్పటి ఆ నీటిని జనం పాయసంలా తాగారు. ఇంజనీరమ్మ వానలోనే చతికిలబడి నవ్వింది. మైకు వేసిన కేక కొండకు తగిలి తిరిగొచ్చింది. కాస్త మెల్లగా అని ఎవరూ అనలేదు.

రాడార్ ఇక ఇక్కడే ఉంటుందని సాయంత్రం ఇంజనీరమ్మ చెప్పింది. తీరం వెంబడి మరో పల్లెలో ఇంకొకటి పెడుతున్నారు. అక్కడి జనాన్ని నమ్మించడానికి, అక్కడో గొంతును తయారుచేయడానికి మైకును తోడు రమ్మంది. ఆమె జవాబు చెప్పేలోపే మొగుడు సంచి తెచ్చి వ్యానులో పెట్టాడు.

బండిలో ముందు సీటు ఎక్కడం ఆమెకు అదే మొదలు. కోళ్ళను మూయమని, తలుపు గడియ సరిగా వేయమని, పచ్చడి జాడీలో తడి చెయ్యి పెట్టొద్దని వ్యాను మలుపు తిరిగాక కూడా ఆమె గొంతు వినబడుతూనే ఉంది. ఆఖరి మాట గాలిలో కలిసేదాకా నిలబడి, అతను ఆ గొంతు లేని ఇంట్లోకి వచ్చాడు.

కిటికీ గూట్లో, పళ్ళ మధ్య నెరిసిన వెంట్రుక ఒకటి చిక్కుకుని, సంచిలో పెట్టడం మరిచిన ఆమె దువ్వెన ఉంది.