నాలుగు శృతి పెట్టె

మనవాళ్లు బతుకుతెరువుకు వలసపోయిన నార్పోలిలో సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య, ముసలైనవాడికి చెవులు మిగలవు. అక్కడ అదేమీ వింత కాదు, దానికోసం ఎవరూ కూర్చుని ఏడవరు కూడా. మేరి మొగుడు ఏసుదాసుకూ అట్లాగే పోయాయి, ముందు కుడిది, తర్వాత ఎడమది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. మరమగ్గాల మోతలో పనిచేసేవాళ్లకు ఆ విద్య చెవులు బాగున్నప్పుడే వచ్చేస్తుంది. అసలు వింత వేరే ఉంది. ఆ చెవులతోనే అతను ప్రతి ఆదివారం తెలుగు ప్రార్థన మందిరంలో హార్మోనియం వాయిస్తాడు. ఒక్క వేలు తప్పు పడదు.

ఎట్లా అంటారా? వాయించేటప్పుడు గడ్డం తెచ్చి పెట్టెకు ఆనిస్తాడు. మోత చెవిలోంచి కాకపోతే ఎముకలోంచి పోతుంది, అంతే. కొత్తగా వచ్చినవాళ్లు "చెవిటోని ముంగట శంఖం" అని నవ్వబోతే, "శంఖం తెచ్చి నా గడ్డానికి ఆనియ్యి, ఏ శృతో చెప్త" అనేవాడు. చెప్పగలడు కూడా.

ఆ పెట్టెను వయసులో ఉన్నప్పుడు తనే విప్పి, ఇత్తడి నాలికల్లాంటి రీడ్లను ఆకురాయితో గీకి, మేరి గొంతుకు శృతి చేశాడు. ఆమెది నాలుగు శృతి, అంటే హార్మోనియం మెట్లలో నాలుగోదాని ఎత్తు. ఆ నాలుగును షడ్జమం చేసుకుని గాంధారం, పంచమం ఒక్కొక్కటే దానికి కలిపాడు. రెండు స్వరాలు పూర్తిగా కలవకపోతే మోతలో ఒక వణుకు ఉంటుంది. గీకుతూ పోతే ఒకచోట ఆ వణుకు ఆగి, రెండూ ఒకే గొంతై నిలుస్తాయి. "గప్పుడు దేవుడచ్చి నడుమ కూసున్నట్టుంటది" అని పెళ్లయిన కొత్తలో భార్యకు చెప్పేవాడు.

చిక్కేమిటంటే, నాలుగులో దేవుడు కూర్చున్న పెట్టెలో ఆరుకు పోతే దయ్యం కూర్చుంటుంది. ఒక షడ్జమానికి నిజంగా కలిపిన స్వరాలు ఇంకో షడ్జమానికి పనికిరావు. వాళ్ల కూతురు శారోన్‌ది ఆరు శృతి గొంతు. ఆ ఎత్తులో పాట అందుకుంటే అదే పెట్టె చెవులు కోసేది. అందుకని ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ తల్లి శృతికే గొంతు అణచుకుని పాడేది. పాట అయ్యాక ఎవరూ చూడకుండా గొంతు సవరించుకునేది. మేరి చూసేది. కన్నతల్లి కదా, చూడకుండా ఎట్లా ఉంటుంది?

ఇట్లా ఉండగా మందిరానికి కీబోర్డు వచ్చింది. దానితోపాటే తగాదా వచ్చింది. కీబోర్డు వాయించేది ఎలీషా, ఏసుదాసు తమ్ముడి కొడుకు. మాటకారి. ఫోన్లో చూసి అన్నీ నేర్చుకున్నాడు.

"పెద్దబాపు పెట్టె ఒక్క గొంతుకే పనికొస్తది పెద్దమ్మా" అన్నాడు ఒకరోజు ప్రార్థన అయ్యాక, అందరి ముందూ. "ఈ కీబోర్డుల పన్నెండు మెట్లూ సమానంగ కోస్తరు. ఏదీ పూర్తిగ నిజం గాదు, ఏదీ పూర్తిగ అబద్ధం గాదు. అందరికి జరంత తక్కువైతది గని ఎవ్వరు ఉపాసముండరు." దీనిమీద తెల్లవాళ్లు వందల ఏళ్లు కొట్లాడుకున్నారనీ, ఈ సమానపు మెట్లున్నందుకే మన దేశంలో ఒకప్పుడు హార్మోనియాన్ని రేడియోలోకి రానివ్వలేదనీ కూడా చెప్పాడు.

ఏసుదాసు అతని పెదాల మీది నుంచి చూపు తిప్పకుండా అంతా విన్నాడు.

"అందరికి సమానంగ అబద్ధం పంచుడు గదరా అది" అన్నాడు. "రేడియోల రానియ్యంది గసొంటి పెట్టెను. నాది గాదు."

ఇక చూడండి. ముసలివాళ్లంతా పెట్టె పక్షం, పడుచువాళ్లంతా కీబోర్డు పక్షం. ఒక ఆదివారం రెండు పక్షాలూ పంతానికి పోయి రెండు శృతుల్లో పాట ఎత్తుకుంటే, మందిరం కింది గోదాములో మూటలు మోసే హమాలీలు పైకి వచ్చి ఏమైందని అడిగారు. పాస్టరుగారికి తల కొట్టేసినట్టయింది. మందిరం వార్షికోత్సవంలో శారోన్ పాడాలి, అందుకు పెట్టె కీబోర్డుతో కలవాలి, లేదంటే దాన్ని బీరువాలో పెట్టాలి అని తేల్చేశాడు. "ఆకురాయి నేను ముట్టుకోను" అన్నాడు ఏసుదాసు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మొగుడి మాట నెగ్గితే కూతురి గొంతు నలిగిపోతుంది. పెట్టె బీరువాలోకి పోతే మొగుడు నలిగిపోతాడు. మేరికి నిద్ర పట్టలేదు. అంతలో సిరిసిల్లలో పెద్దనాయన కొడుకు పోయాడని కబురొచ్చి ఏసుదాసు బస్సెక్కాడు. అతను అటు పోగానే మేరి పెట్టెను గుడ్డలో చుట్టి రిక్షాలో నిజాంపురా తీసుకుపోయింది. అక్కడి రిపేరువాడు మూత తీసి చూసి, రీడ్లు ఇప్పటికే పలచబడ్డాయి, ఇప్పుడు గీకితే మళ్లీ వెనక్కి తేలేం, ఇంకోసారి ఆకురాయి తగిలితే విరుగుతాయి అని ముందే చెప్పాడు. మేరి కీబోర్డుకు కలిసేలా గీకమంది. చెవుల్లేని మనిషికి ఏం తెలుస్తుంది అనుకుంది. ఊరంతా అట్లాగే అనుకుంటుంది, మోత పోతే అంతా పోయినట్టేనని. అతను తిరిగొచ్చాక, పాస్టరుగారు మెత్తబడ్డాడు, రెండూ వాయించమన్నాడు అని మాత్రం చెప్పింది.

వార్షికోత్సవం రోజు శారోన్ ఆరు శృతిలో నోరు విప్పింది. ఆ గొంతు ఇన్నేళ్లు ఎక్కడ దాక్కుందో! మేరి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏసుదాసు మాత్రం పాట మధ్యలో గడ్డం పైకెత్తి, వేళ్లవైపు చూసుకుని, మళ్లీ ఆనించాడు. మళ్లీ ఎత్తాడు. తర్వాత పాటలు మేరి శృతిలో వచ్చినా అతని మొహం తేటపడలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే అడిగాడు. "మేరీ, గడ్డానికి వణుకు తగుల్తున్నది. పెట్టె తప్పిందా?"

చెవులు పోయినప్పటి నుంచీ అతనికి ఆమె చెవులే చెవులు. ఫ్యాను మోగుతోందా, కుక్కర్ కూసిందా, పెట్టె బాగుందా, అన్నీ ఆమెనే అడుగుతాడు. ఆమె ఏది చెబితే అది.

"లేదు. మంచిగనే ఉన్నది" అంది మేరి.

"గట్లనా" అని ఏసుదాసు చేతులు రెండూ చాపి చూసుకున్నాడు. "గట్లయితె వణికేది నేనే."

ఆ మాట ఎటు పోతోందో మేరికి అర్థమైంది. పక్కింటి ఖోలీలో ఐలవ్వ మొగుడు రాజయ్యకు వణుకుడు రోగం. అదీ వేళ్లలోనే మొదలైంది. ఇప్పుడు ఐలవ్వ గంజి తాగిస్తుంటే సగం అంగీ మీదే పోతుంది. ఏసుదాసు రోజూ చూస్తున్నదే. అప్పుడే చెప్పేయాల్సింది మేరి. రేపు చెబుదాం అనుకుంది, రేపు ఎల్లుండి అయింది.

ఆ మనిషి తన చేతులకు తానే కాపలా కూర్చున్నాడు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. వణుకుతుందేమోనన్న భయానికి చెయ్యి నిజంగానే వణికింది. గైబీ నగర్‌లో గుడ్డ మడతపెట్టే పనికి పోతుండేవాడు, అదీ మానుకున్నాడు. ఎలీషాను పిలిచి, "పెట్టె నువ్వే ఉంచుకో బిడ్డా" అన్నాడు. ఆ పిల్లవాడు పెద్దబాపుతో అన్ని వాదాలు వేసినవాడు, తల దించుకుని పోయాడు.

ఒక మధ్యాహ్నం శారోన్ పనిలోంచి ఏడుస్తూ వచ్చింది. "అమ్మా, బాపు పాస్టరుగారి దగ్గరికి పోయిండట. ముసలోళ్లను ఉంచుకునే ఆశ్రమంల జాగ ఉన్నదా అని అడిగిండట. ఐలవ్వ బాధ నీకు రావద్దట." కళ్లు తుడుచుకుంది. "పెట్టె గీకిచ్చిన సంగతి నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా? నై తో మై బోల్తీ."

"నేనే చెప్త" అంది మేరి.

ఏసుదాసు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె అతని ఎదురుగా నేలమీద కూర్చుని, ఒక్కో మాటా అందేలా పెదాలు కదిపింది. "నీకు రోగం లేదు. పెట్టెను నేనే గీకిచ్చిన. నువ్వు సిరిసిల్ల పోయినప్పుడు."

అతను చేతులు తిప్పి చూసుకున్నాడు. "రాజయ్య రోగం గాదా?" అన్నాడు.

"గాదు."

రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు ఏసుదాసు. మేరి అతని మోకాళ్లు పట్టుకుంది. కొడతాడనుకుంది, కొడితే బాగుండుననుకుంది.

"నేను అడిగిన గద మేరీ. పెట్టె తప్పిందా అని అడిగిన గద."

"భయమైంది."

"మల్ల వెనుకకు వస్తదా?"

"రాదట. విరుగుతయట."

"రోగమన్న బాగుండు. డాక్టరు దగ్గరికన్న పోతుంటి" అన్నాడు. అని, మొహం తుడుచుకున్నాడు. "శారోన్ మంచిగ పాడిందా?"

"ఎన్నడు పాడనంత మంచిగ పాడింది."

"సరే. దాని గొంతు దానికి దొరికింది. పోనీ" అన్నాడు. కోపం దిగింది. ముందుకు వంగి, ఆమె మొహాన్ని వెలుతురు వైపు తిప్పాడు. "ఒక్కటి చెప్పు. నాకైతే గడ్డానికి వణుకే తెలిసింది. నీకు చెవులున్నయ్ గద. నీ నాలుగుల పాత గాంధారం విన్నవు, కొత్తది విన్నవు. ఎంత తేడా ఉన్నది?"

మేరి ఏదో ఒకటి చెప్పొచ్చు. చానా తేడా ఉన్నదనొచ్చు, పాతదే మేలనొచ్చు. ఎన్నో ఏళ్ల కిందట తన గొంతు కోసం వేళ్లు తెగేలా గీకిన మనిషికి ఆ మాత్రం చెబితే పోయేదేమీ లేదు. కానీ ఒక అబద్ధానికి ఈ మనిషి ఇల్లు విడిచిపోబోయాడు. ఇంకొకటి ఆమె నోట రాలేదు.

"నాకు తేడా తెల్వలే" అంది. "ఇప్పుడు తెల్వలే. అప్పుడూ తెల్వలే. నాకు రెండూ ఒక్క తీర్గనే ఇనవడ్డయ్."

ఆమె పెదాలు ఆగిపోయాయి. ఏసుదాసు ఇంకా వాటివైపే చూస్తూ కూర్చున్నాడు, మరో మాట ఏదైనా వస్తుందేమోనని.