రెక్క కింద ఆరని తడి

హార్లన్ ఆ ఉదయం మొదటిసారి ఒంటరిగా విమానంలో ఎగరాలి. ఒంటరిగా ఎగిరి దిగిన శిష్యుడి చొక్కా వెనకభాగం కత్తిరించి గోడకు మేకులతో కొట్టడం ఇక్కడ విమానం నేర్పే మాకు ఆనవాయితీ. కత్తెర జేబులో పెట్టుకునే వచ్చాను.

హార్లన్ మొక్కజొన్న రైతు, యాభై దాటినవాడు. విమానం నేర్చుకుంటున్న సంగతి పెళ్ళాం నోరాకు కూడా చెప్పలేదు.

"ఆ చొక్కా చూపించాకే చెప్తా వెర్నా అక్కా. ముందే చెబితే చీపురు తిరగేస్తుంది," అని ఫెళ్ళున తుమ్మాడు.

"జలుబా? జలుబుతో ఎగరకూడదని ఎన్నిసార్లు చెప్పాను?"

"అబ్బే, దుమ్మక్కా, దుమ్ము!"

రాత్రి కుండపోత వాన. రెక్కల్లోని పెట్రోలు ట్యాంకుల మూతల రబ్బరు పాతది, నీళ్ళు దిగే ఉంటాయని నాకు అనుమానం. "పెట్రోలు వంచి చూడు," అన్నాను. రెక్క కింద మర నొక్కి గాజు గొట్టంలోకి కాస్త పట్టి చూడటం మాకు మొదటి పాఠం. మా విమానాల పెట్రోలుకు నీలం రంగు కలుపుతారు. నీళ్ళు కలిస్తే అడుక్కి చేరతాయి, మధ్యలో గీత కనిపిస్తుంది.

హార్లన్ గొట్టాన్ని ఆకాశానికెత్తి చూశాడు. "నీలంగా ఉంది. గీతే లేదు!" అని అరిచి, ఉన్నదంతా నేలమీద పారబోశాడు.

"వాసన చూశావా?"

"చూశా, చూశా!"

విమానం రన్‌వే చివరికి వెళ్ళింది. ఇంజను హోరు బాగానే ఉంది. నా మనసే ఎందుకో కుదురుగా లేదు. అతను పారబోసిన చోటికి వెళ్ళాను. పెట్రోలైతే ఈపాటికి ఆవిరైపోవాలి. పొద్దుటి ఎండకు ఆరిన సిమెంటు మీద అతను పోసిన తడి తడిగానే ఉంది. వేలు అద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసనే లేదు.

ఓరి దేవుడా! గొట్టం నిండా నీళ్ళే! అంతా నీళ్ళైతే ఇంక గీతెక్కడిది? ఆ నీలం ఆకాశానిది. ముక్కు దిబ్బడేసినవాడికి వాసనేం తెలుస్తుంది!

పరుగెత్తి రేడియో అందుకున్నాను. "హార్లన్, ఆపెయ్! ఎగరకు!"

అప్పటికే చక్రాలు నేల వదిలాయి. చెట్లు దాటేసరికి, గొట్టాల్లో మిగిలిన పెట్రోలు అయిపోయి నీళ్ళు చేరాయి కాబోలు, ఇంజను దగ్గింది, మళ్ళీ దగ్గింది, ఆగిపోయింది.

"వెనక్కి తిరగకు! విమానం ముక్కు దించి ఎదురుగా పొలంలోకి పో!" అని గొంతు చించుకున్నాను. ఇంజను ఆగాక వెనక్కి తిరిగితే వేగం చాలక కూలుతుందని ఎన్నిసార్లు చెప్పిన పాఠం! ప్రాణభయం పాఠం వింటుందా? రన్‌వే వైపే తిరిగాడు. రెక్క ఒరిగి విమానం నేలకు కూలింది.

అంబులెన్సు వాళ్ళు చొక్కా నిలువునా కత్తిరించారు. హార్లన్ కళ్ళు తెరిచాడు.

"నీలంగానే ఉందక్కా, ఒట్టు."

అదే అతని ఆఖరి మాట.

జేబులో కత్తెర గుచ్చుకుంటోంది. నోరాకు ఫోన్ చెయ్యాల్సింది నేనే. మొగుడు విమానమెక్కాడనే తెలియని మనిషికి ఏమని మొదలుపెట్టను?