లోతు చెప్పిన నోరు

మా ఆయన పేరు పరాశర్. నేవీలో, జలాంతర్గామి మీద పనిచేస్తారు. సముద్రం అడుగున కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, శత్రువు ఓడ చప్పుడు వినడం ఆయన ఉద్యోగం. ఇంటికొస్తే మాత్రం గ్యాస్ అయిపోయిందని మూడుసార్లు చెప్పినా వినపడదు.

బయలుదేరేవాళ్ళను ఎక్కడికని అడగకూడదన్నది మా అత్త వేదవల్లి నియమం. నేవీ వాళ్ళ నియమమూ అదే. కాబట్టి తిరుపతిలో మా కాపురానికీ దేశభద్రతకూ ఇన్నేళ్ళలో పేచీ రాలేదు. వచ్చింది దర్శనం టికెట్ల దగ్గర. కొండ కింద కాపురమున్నా వాటిని నెలల ముందే పట్టుకోవాలి గదా.

ఈసారి ఆయన డ్యూటీకి పోయేముందు అత్త కొడుకును పక్కకు పిలిచి, "ఎప్పుడొస్తావని అడగను నాయనా. నీకు టికెట్టు ఏ రోజుకు తీయాల, అది చెప్పు చాలు" అంది. ఆయన నవ్వి, చెప్పేశారు.

ఆ తేదీ పాలపాకెట్లతో పాటు మా వీధిలో ఇంటింటికీ చేరింది. ఎదురింటి నిర్మలమ్మ తనూ అదే రోజుకు టికెట్టు తీసుకుంది.

ఒక మధ్యాహ్నం అత్త ఫోను పెట్టేస్తూ, "నేవీ ఆఫీసంట వకుళా. ఎంత మర్యాదగా మాట్లాడినాడో! మీవాడు ఎప్పుడు దిగతాడమ్మా అని అడిగినాడు" అంది.

వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టేశాను. "వాళ్ళ పడవ ఎప్పుడొస్తాదో వాళ్ళకే తెలీదా అత్తా?"

అత్త ముఖం పాలిపోయింది. "నేను దర్శనం తేదీనే గదా చెప్పినా..."

మామ సారంగపాణి చరిత్ర మాస్టారుగా రిటైరయ్యారు. ఏ పాఠం ఎప్పుడు చెప్పకూడదో ఆయనకు ఇప్పటికీ తెలీదు.

"రెండో ప్రపంచయుద్ధంలో ఇట్లే అయింది" అని అందుకున్నారు. "అమెరికా జలాంతర్గాముల మీద జపాను వాళ్ళు వేసే బాంబులు పైపైనే పేలతా ఉండె. పడవలు ఇంకా లోతుకు పోయి బతికిపోతా ఉండె. అమెరికా నాయకుడొకాయన ఆ సంగతి పేపరోళ్ళకు గొప్పగా చెప్పేసినాడు."

"తర్వాత?" అంది అత్త.

"బాంబులు లోతుగా పేలినాయి. ఆ మాటకు పది పడవలు, ఎనిమిది వందల మంది పోయినారని వాళ్ళ నేవీ పెద్దాయన వాపోయినాడు."

అత్త మజ్జిగ ముట్టలేదు.

విశాఖ నేవీవాళ్ళు మాకిచ్చిన నంబరుకు ఫోను చేసి అంతా చెప్పాను. "చెప్పి మంచిపని చేశారమ్మా" అని పెట్టేశారు, మా ఆయన ఎలా ఉన్నారని నేను అడిగేలోపే.

అప్పటినుంచి బకెట్లో చెంబు మునిగినా అత్త ఉలిక్కిపడేది. నేనేం తక్కువ కాదు. కుక్కరు మూత బిగిస్తూ, లోపలివాళ్ళకు గాలి ఆడుతుందా అనుకునేదాన్ని. పప్పు గురించి కాదు.

దర్శనం రోజు వచ్చింది. ఆయన రాలేదు. ఫోనూ లేదు. తీసిన టికెట్టు వదలకూడదని మామ అంటే, ముగ్గురం కొండెక్కాం. ఫోన్లు కౌంటరులో ఇచ్చేసి క్యూలో నిలబడ్డాం.

"ఏం వేదవల్లీ, కొడుకు యాడ? ఈ పొద్దుకొస్తాడంటివే?" వెనకనుంచి నిర్మలమ్మ.

అత్త జీవితంలో మొదటిసారి నోరు మెదపలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గాజులు మణికట్టులో దిగబడ్డాయి.

మమ్మల్ని కంపార్టుమెంటులో కూర్చోబెట్టి ఇనుప తలుపు మూశారు. ఆ చప్పుడుకు అత్త, "వాళ్ళకూ ఇట్లే మూస్తారా?" అని గొణిగింది.

"ఇట్లే అత్తా. కాకపోతే ఉప్మా తెచ్చిచ్చేవాళ్ళుండరు."

ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. స్వామి ఎదుట ఏం కోరుకున్నానో కూడా గుర్తులేదు.

బయటికొచ్చి ఫోను తీసుకుంటే, తెలియని నంబరు నుంచి మిస్డ్ కాల్. ఆయనదా? ఏదైనా చెప్పడానికి ఆఫీసువాళ్ళదా? ఆ మర్యాదస్తుడిదా? తిరిగి చేశాను.

"వకుళా, నేనే. కొంచెం ఆలస్యమైతాది."

ఫోను అత్తకిచ్చాను. నిర్మలమ్మ రెండడుగులు దగ్గరికి జరిగింది. "ఎప్పు..." అని అత్త నోరు తెరుచుకుంది. మూసుకుంది.

"తిన్నావా నాయనా?" అని మాత్రం అడిగింది. జవాబు విని, కళ్ళు తుడుచుకుని, ఫోను నాకిచ్చేసింది.

"ఏం తిన్నాడంట?" అంది నిర్మలమ్మ.

"చెప్పకూడదు" అంది అత్త.